అద్దానికి అంటుకుపోయిన తల్లి ముఖం

2022 వానకాలం. సిద్దిపేటలో నా ఫొటో స్టూడియోకు దౌల్తాబాద్ నుంచి లక్ష్మి వచ్చింది. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పని ఆమెది, సెలవు మీద ఇంటికొచ్చింది. మెత్తటి చీరలో చుట్టి తెచ్చిన ఫ్రేమ్‌ను బల్ల మీద పెట్టింది.

ఫొటోలో కుర్చీలో ఒక తల్లి, ఒళ్లో పాప. ఆ పాపనే లక్ష్మి చూసుకుంటున్న రివ్కా అనే ముసలామె. వాళ్లది లిథువేనియా దేశంలో చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ మనుషులు, వాళ్లకు తోడైన అక్కడివాళ్లు కలిసి ఆ ఊరి యూదులను అడవికి నడిపించి, గోతుల దగ్గర కాల్చి చంపిన్రు. పిల్లలను కూడ వదల్లేదు. ఆ పొద్దున తల్లి, అప్పటికి నాలుగేండ్లున్న రివ్కాను పక్కింటి రైతు భార్య చేతుల్లో పెట్టి పోయింది. ఆ రైతు భార్య దాచి పెంచింది. ముందే పరదేశం పోయిన మేనమామ దగ్గర ఈ ఒక్క ఫొటో మిగిలింది. దాన్ని బాగు చేయించుకు రమ్మని రివ్కానే లక్ష్మికి ఇచ్చి పంపింది.

రివ్కాకు అందేటప్పటికే ఏండ్ల తేమకు అది అద్దానికి అంటుకుపోయి ఉన్నది. తల్లి నోటి మీద తెల్లటి మరక. లాగితే ఎమల్షన్, అంటే బొమ్మ నిలిచే పల్చటి పొర, అద్దంతోనే ఊడొస్తది. ముందు అద్దం మీంచే కాపీ తీసిన. కంప్యూటర్‌లో నోరు గీసుడు అల్కనే, చిటికెల పని.

"గీస్తే అది నేను పెట్టిన మూతి అయితది, వాళ్లమ్మది కాదు" అని లక్ష్మికి చెప్పిన. అద్దం విడదీసి చూడొచ్చు గానీ చెడిపోయే భయం ఉన్నదని, రివ్కానే అడగమన్న.

లక్ష్మి వీడియో కాల్ చేసి వాళ్ల భాషలో మాట్లాడింది. ముసలామె మాటను లక్ష్మి నాకు చెప్పింది: "తియ్యమను. ఉన్నదేందో చూస్త."

ట్రేలో డిస్టిల్డ్ వాటర్ పోసి అద్దాన్ని ఫొటోతో సహా నానబెట్టిన. లక్ష్మి ముందర చాయ్ చల్లారిపోయింది. అంచులు వదులైనంక అద్దాన్ని మెల్లగ పక్కకు జరిపిన. జారింది. మరక అద్దంతో పోయింది, బొమ్మ కాగితం మీదనే ఉన్నది.

ఆరినంక మళ్లీ వీడియోలో చూపించినం. రివ్కా ఫోన్‌ను కండ్ల దగ్గరికి తెచ్చుకున్నది. ఏమన్నదని అడిగితే లక్ష్మి కండ్లు తుడుచుకుంట చెప్పింది: "అమ్మ నవ్వుతున్నది అంటుంది. ఇన్నేండ్లు తనకు యాదికున్నది ఆ ఆఖరి పొద్దటి మొఖమేనట, ఏడుపు ఆపుకుంటున్న మొఖం."

ఇప్పుడు పాడైన ఫొటో తెచ్చి ఏదో ఒకటి గీసియ్యన్నా అని అడిగేటోళ్లను కాసేపు కూసోమంట. గీసే ముందు కింద ఏం మిగిలిందో చూడాలె. చూడకుండ గీసి ఉంటే, ఆ నవ్వు రివ్కాకు దొరకకపోయేది.