పాల మిషన్‌కు నోరు పెట్టిన సంగతి

1999 వేసవిలో నన్ను నాణ్యతా పరీక్షల విభాగం నుంచి తప్పించి కొత్త ఉత్పత్తుల విభాగానికి మేనేజరుగా వేశారు. విభాగం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. తిరుపతి పొలిమేరల్లోని పారిశ్రామికవాడలో మా ఫ్యాక్టరీకి రెండు షెడ్లు ఉండేవి. రెండో షెడ్డులో ఒక మూల పొడుగాటి బల్ల, ఇద్దరు ఇంజినీర్లు, నేను. అంతే విభాగం. తలుపు మీద మాత్రం 'పరిశోధన, అభివృద్ధి' అని ఇత్తడి బోర్డు వేయించారు మా ఎం.డి. దామోదరం నాయుడు గారు. ముందు బోర్డు పెడితే వెనకాలే పని వస్తుందని ఆయన నమ్మకం.

అప్పటికి మేము చేసేది ఎలక్ట్రానిక్ కాటాలు. చిత్తూరు బెల్లం మండీల్లో, చుట్టుపక్కల ఊళ్ళ కిరాణా కొట్లలో చాలాకాలం మా కాటాలే కనిపించేవి. తర్వాత మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి అంతకంటే చవక సరుకు దిగింది. కొనేవాడు తయారుచేసినవాడి పేరు చూడడం మానేసి ధర ఒక్కటే చూసే స్థితిని వ్యాపార పరిభాషలో 'కమోడిటీ' కావడం అంటారు. మా కాటా ఆ స్థితికి వచ్చేసింది. ఇంకా చవగ్గా చేయడం మా వల్ల కాని పని. ఎవరూ చేయనిది చేయడం ఒక్కటే మిగిలింది.

అదే సమయంలో చిత్తూరు దగ్గరి ఒక ప్రైవేటు డెయిరీ తన పాలసేకరణ కేంద్రాలన్నిటికీ మిషన్లు పెట్టాలనుకుంది. మాకూ, ఉత్తరాది కంపెనీ ఒకదానికీ చెరొక పల్లె ఇచ్చి, మిషన్ పెట్టి చూపించమంది. దీన్ని ఫీల్డ్ ట్రయల్ అంటారు. ఏ మిషన్ నచ్చితే మొత్తం ఆర్డరు ఆ కంపెనీదే. ఆ వార్త వచ్చిన పూట ఎం.డి. గారు మా బల్ల దగ్గరికే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈ పాలమిసను మనకు దొరికితే బతికినట్లే అప్పా. దొరక్కపోతే ఈ రెండో షెడ్డు మూసేస్తాను. దాపరికం ఎందుకు, ముందే చెప్తా ఉండా" అన్నారు. మాకు నాలుగు అడుగుల దూరంలో సోల్డరింగ్ చేసే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. చాలామంది చంద్రగిరి వైపు నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేవాళ్ళు. వాళ్ళ చేతులు ఆగలేదు కానీ మాటలు ఆగిపోయాయి.

పాలకేంద్రంలో పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. పాలు పోసేవాళ్ళు వరసలో వస్తారు. ముందు పాల తూకం, తర్వాత అందులోంచి కొద్దిగా తీసి వెన్న శాతం చూడడం. డెయిరీ వాళ్ళు దాన్ని ఫ్యాట్ అంటారు. పాలకు ధర కట్టేది దాన్ని బట్టే. పూర్వం ఆసిడ్ పోసి, గాజు గొట్టాలు గిరగిర తిప్పి చూసేవారు. ఎలక్ట్రానిక్ టెస్టర్ వచ్చాక పాలలోంచి వెలుతురు పంపించి క్షణాల్లో అంకె చూపించే వీలు కలిగింది. ఉత్తరాది కంపెనీ మిషన్ అదే చేస్తుంది. మా మిషన్ కూడా అదే చేస్తే మమ్మల్ని ఎవరు అడుగుతారు?

మేము ఆలోచించింది ఇది. పాలు పోసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చదువు తక్కువ. మిషన్ మీద అంకె వెలిగినా వాళ్ళకు ఉపయోగం లేదు. కేంద్రం సెక్రటరీ ఏం రాస్తే అది. ఆ అనుమానం ప్రతి పల్లెలోనూ ఉంది. కాబట్టి మిషనే తెలుగులో చెప్పాలి. మాటలు నింపుకునే చిప్పులు అప్పుడప్పుడే దొరుకుతున్నాయి. సోల్డరింగ్ సెక్షన్ సూపర్‌వైజరు సరళ గొంతు బాగుంటుందని ఆమెతో అంకెలు చదివించాం. మొదట నేను రాసిచ్చింది రేడియో భాష. 'మీ పాల పరిమాణం' అని ఆమె చదవగానే పక్కనున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ, నవ్వింది రేపు మిషన్ మాట వినబోయే మనుషుల్లాంటి వాళ్ళే కదా అని మార్చాను. చివరికి 'పాలు ఐదున్నర, వెన్న నాలుగు' అని మిషన్ చక్కగా మాట్లాడింది.

ఎం.డి. గారు విని పొంగిపోయారు. ఒకటే లోపం, గొంతు చిన్నదిగా ఉందన్నారు. "పది మందికీ ఇనపడాలప్పా. అదే మనకు అడ్వర్టైజ్‌మెంటు" అని పెద్ద స్పీకరు పెట్టించారు. ఆయన ఏసీ గదిలో సమావేశమైన అందరం తలలూపాం. ఎం.డి. గారు పుత్తూరు దగ్గర పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. మా ఇంట్లోనూ నా చిన్నప్పుడు రెండు ఎనుములు, అంటే గేదెలు, ఉండేవి. అయినా ఆ గదిలో ఒక్కరికీ ఏమీ తోచలేదు. ఏసీ గదిలో కూర్చుంటే పల్లె సంగతులు ఎక్కడికి పోతాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పాకాల దగ్గర మాకిచ్చిన పల్లెలో మిషన్ పెట్టాం. మొదటి పూట తిరునాళ్ళే. పాలు లేనివాళ్ళు కూడా మిషన్ మాట వినడానికి వచ్చారు. సెక్రటరీ చెంగల్రాయుడు పంచె సర్దుకుని, మిషన్ తానే కనిపెట్టినంత హుందాగా నిలబడ్డాడు. మేము తిరుపతికి తిరిగొచ్చి స్వీట్లు పంచుకున్నాం.

వారం తిరిగేసరికి ఆ కేంద్రంలో పాలు తగ్గడం మొదలైంది. రోజురోజుకీ తగ్గుతూనే ఉంది. డెయిరీ సేకరణ మేనేజరు ఫోన్ చేసి, మీ మిషన్ తూకం తప్పు చూపిస్తున్నట్టుంది, సోమవారం నేనే వస్తాను, అప్పటికి తేలకపోతే ట్రయల్ ఆపేస్తాను అన్నాడు. నేను వెళ్ళి క్యాలిబ్రేషన్ చేశాను. అంటే తెలిసిన బరువు పెట్టి మిషన్ సరిగ్గా అంతే చూపిస్తోందా అని చూడడం. తూకం సరిగ్గా ఉంది. టెస్టర్ సరిగ్గా ఉంది. సరళ గొంతు ఖంగుమంటోంది. చెంగల్రాయుణ్ణి అడిగితే ఎండలన్నాడు, మేత అన్నాడు, చివరికి నా ముఖం చూసి క్యాన్లు కడగడానికి పోయాడు.

ఇక కేంద్రం అరుగు మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళో పాడికి పెట్టింది పేరు కాంతమ్మ. మెడలో కాసుల దండ, మాటలో అదురూ బెదురూ లేని రైతు ఇల్లాలు. మంచి జెర్సీ ఆవులు ఉన్న ఇల్లు. ఆమె క్యాను నిండా తెచ్చే మనిషని చెంగల్రాయుడు చెప్పాడు. నేను చూసినప్పుడు చిన్న చెంబుతో వచ్చింది. మిగతా పాలు వాళ్ళింటి వెనక సందులో, సైకిల్ మీద వచ్చే పాల వ్యాపారికి పోతున్నాయి. అందరూ వెళ్ళిపోయాక, చెంగల్రాయుడు తలుపు వేసే వేళకు దేశమ్మ అనే ఆమె వచ్చింది. ఆమెకు ఒకే ఒక్క ఆవు, అదీ వట్టిపోయే దశలో ఉంది. మిషన్ 'పాలు ముక్కాలు' అని ఊరంతా వినిపించేలా అరిచింది. దేశమ్మ తల వంచుకుని, ఖాళీ చెంబు కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కాంతమ్మ ఇంటికే వెళ్ళాను. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. మాటల్లో మాటగా, మీ ఆవులు ఎన్ని లీటర్లు ఇస్తాయమ్మా అని అడిగాను.

"ఏదో ఇస్తాయిలేప్పా, దూడలు తాగంగా" అంది.

నా చిన్నప్పుడు మా అమ్మ నోట వెయ్యిసార్లు విన్న జవాబు అది. పాడి ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నకు అంకె చెప్పే ఆచారం లేదు. అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. ఆమె నా ముఖం చూసి అసలు మాట బయటపెట్టింది. "నువ్వు చదువుకున్నోడివి. నువ్వే చెప్పు. ఊరంతా ఇనేటట్ల నా ఆవులు ఇన్ని లీటర్లు ఇచ్చినాయని రెండు పూటలా అరిస్తే, దిష్టి తగలదా? మొన్న ఒకదానికి పొదుగు బిగుసుకున్యాది. మీ మిసను మంచిదేలే. దాని నోరే మంచిది గాదు."

ఎక్కువ పోసేవాళ్ళకు దిష్టి భయం. తక్కువ పోసేవాళ్ళకు సిగ్గు. మధ్యలో ఉన్నవాళ్ళకు, నిన్నటికంటే ఈరోజు ఎందుకు తగ్గిందని పక్కింటివాళ్ళు అడుగుతారని విసుగు. మేము సెక్రటరీ మీద అనుమానం తీర్చబోయి ఊళ్ళో ప్రతి గడప గుట్టూ వీధిలో పెట్టేశాం.

పాకాల బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోంచి ఎం.డి. గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన తిట్టడం మొదలుపెట్టారు. నన్ను తిట్టారు, ఇంజినీర్లను తిట్టారు, చివరికి తననే తిట్టుకున్నారు. "మా అమ్మ పాలచెంబుకు కొంగు కప్పకుండా గడప దాటేది గాదు. నేను దానికి మైకు పెట్టినా గదప్పా" అన్నారు. సోమవారానికి నోరు తీసేస్తే మన మిషన్ వాళ్ళ మిషన్‌లాంటిదే అవుతుంది, ఆర్డరు పోతుంది. ఉంచితే ట్రయలే పోతుంది. ఏం చేస్తావో చెప్పు అని మళ్ళీ తిట్లకు దిగారు.

నేను రిసీవరు చెవికి ఆనించుకుని వింటూ ఉన్నాను. బూతు ఓనరు నాకు మూరెడు దూరంలో కూర్చుని నింపాదిగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఇన్ని తిట్లు పడుతున్నా అతని ముఖంలో చలనం లేదు. ఉండదు మరి, ఆ తిట్లు నా చెవిలోకి తప్ప ఎక్కడికీ పోవడం లేదు. "సార్, రిసీవరు" అన్నాను. ఆయన తిట్టడం ఆపి, ఏంది అన్నారు. "మిషన్‌కు స్పీకరు తీసేసి టెలిఫోను రిసీవరు తగిలిద్దాం సార్. ఎవరి పాలు వాళ్ళ చెవిలోనే చెప్తుంది." అవతల ఆయన నవ్వు వినపడింది. అంత పెద్ద నవ్వు కూడా ఓనరుకు వినపడలేదు. అది చూసి నాకు నమ్మకం గట్టిపడింది.

తిరుపతిలో పాత ఫోన్ల రిపేరు కొట్టు నుంచి నల్ల రిసీవర్లు తెచ్చాం. ఇంజినీర్లకు అది పూటలో తెమిలే పని. మిషన్ పక్కన కొక్కెం, దానికి రిసీవరు. పాలు పోసినవాళ్ళు రిసీవరు ఎత్తితేనే సరళ గొంతు పలుకుతుంది, పెట్టేస్తే ఆగిపోతుంది. మిషన్ మీది అంకె సెక్రటరీకి తప్ప వరసకు కనిపించకుండా రేకు అడ్డం పెట్టాం.

మిషన్ ఇక వీధిలోకి అరవదని చెంగల్రాయుడు ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాడు. సోమవారం పొద్దున సేకరణ మేనేజరు జీపు దిగేసరికి వరస సాగుతోంది. మిషన్ నుంచి చప్పుడు లేదు. "మాట్లాడే మిసనని చెప్పి మూగదాన్ని పెట్టినారే" అన్నాడు మేనేజరు. అప్పుడే కాంతమ్మ వచ్చింది. చేతిలో చెంబు లేదు. వెనక ఆమె కోడలు పెద్ద క్యాను మోసుకొస్తోంది. పాలు పోసి, రిసీవరు ఎత్తి, కొంగు చెవి మీదికి లాక్కుని వింది. ముఖంలో ఏమీ కనిపించనీయలేదు. "ఊ" అని పెట్టేసింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, "ఇంగొకసారి చెప్తాదా?" అని అడిగింది. చెప్తుందమ్మా అన్నాను. మళ్ళీ విని, మేనేజరు వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. దేశమ్మ వరస మధ్యలోనే నిలబడి ఉంది. ఆమె వంతు వచ్చినప్పుడు మిషన్ ఏం చెప్పిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. చెంబు ఊపుకుంటూ పోయింది. నాకు ఆ పూట కలిగిన తృప్తి ఉద్యోగ జీవితంలో మరి కొద్దిసార్లే కలిగింది.

ఉత్తరాది కంపెనీ మిషన్ పెట్టిన పల్లెలోనూ పాలు తగ్గాయని మేనేజరు తర్వాత చెప్పాడు. వాళ్ళ మిషన్ నెత్తిన పెద్ద ఎర్ర అంకెలు వెలిగేవి. బడికి పోయే పిల్లలు వాటిని చదివి వీధిలో అరిచేవాళ్ళట. వాళ్ళ ఇంజినీర్లు చివరిదాకా తూకం రాళ్ళతోనే కుస్తీ పట్టారు. మా కేంద్రంలో, సైకిల్ వ్యాపారికి పోయిన పాలు తిరిగి వచ్చాయి. ఆర్డరు మాకు వచ్చింది. రెండో షెడ్డు మూయలేదు, పక్కన మూడోది లేచింది. సరళ కొత్త షెడ్డుకు ఇన్‌ఛార్జి అయింది. ఆమె గొంతు జిల్లాలో ఎన్ని చెవుల్లో పలికిందో లెక్క లేదు, అయినా వీధిలో ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు.

ఆ తర్వాత కొత్త ఉత్పత్తి ఏదైనా ప్రతిపాదిస్తే ఎవరు కొంటారు, ఖర్చెంత, పోటీ ఎవరు అనే ప్రశ్నల పక్కన ఎం.డి. గారు ఇంకొకటి అడిగేవారు: ఈ సంగతి ఎవరికి తెలియకూడదు? నేను రిటైరయ్యేదాకా ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఏ మిషనూ మా బల్ల దాటలేదు. కొత్త వస్తువు చేసేవాళ్ళు దానితో ఏం చేయించవచ్చో ఆలోచిస్తారు. అది ఎక్కడ నోరు మూసుకోవాలో వాడే మనిషికి తెలుస్తుంది. ఆ మనిషి దగ్గర కూర్చుని తెలుసుకోవడం అమ్మకాల విభాగం పని కాదు, కంపెనీ నడిపేవాడి పని. ఈ ఉదంతం నాకు నేర్పింది అంతే.

కొన్నేళ్ళ తర్వాత చిత్తూరులో వ్యాపారుల సభ ఒకటి జరిగింది. ఎం.డి. గారిని వేదిక మీద కూర్చోబెట్టి, మీ ఎదుగుదల గురించి యువ పారిశ్రామికవేత్తలకు చెప్పండి, ఈ ఏడు ఎన్ని మిషన్లు అమ్మారు అని అడిగారు. ముందు వరసలో కూర్చున్న నాకు ఆ అంకె బాగా తెలుసు. మైకు ఆయన ముందే ఉంది. ఆయన నా వైపు చూసి, మైకును కొంచెం పక్కకు జరిపి, "ఏదో పోతా ఉండాయిలేప్పా" అన్నారు.