గరాజ్ గోడ మీద రేకులు

నెయ్యి డబ్బాలు మాయమవుతున్నాయని నాగమల్లేశ్వరి సెప్టెంబరు నెలాఖరులో కనిపెట్టింది. ఖాళీ అయిన డబ్బాను పారేయడం ఆమెకు చేతకాదు. కడిగి, ఆరబెట్టి, కందిపప్పుకో ఎండుమిరపకాయలకో పనికొస్తుందని ప్యాంట్రీ కింది అరలో దాచుకుంటుంది. అలా దాచిన ఐదింటిలో రెండే మిగిలాయి. భర్త రాఘవులును అడిగితే, వంటింట్లో మంచినీళ్ళ గ్లాసు తప్ప ఏదెక్కడుంటుందో తనకు తెలియదన్నాడు. అది నిజమే. ఇక మిగిలింది కూతురు భవిత.

భవితకు ఇరవై ఏళ్ళు. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో, అరోరాలోనే. ఏప్రిల్‌లో కాలేజీ హాస్టల్ నుంచి వచ్చి తన గదిలో పడుకున్న పిల్ల ఆగస్టు దాకా సరిగ్గా లేవలేదు. డాక్టరుగారు డిప్రెషన్ అని మందులు రాశారు. కౌన్సెలర్ వారానికోసారి వీడియోలో మాట్లాడేది. గుడిలో ఎవరైనా అడిగితే, "ఈ సెమిస్టర్ ఆన్‌లైన్ క్లాసులండీ" అని చెప్పి, నాగమల్లేశ్వరి ఇంటికొచ్చి దేవుడి ముందు ఆ అబద్ధానికి లెంపలు వేసుకునేది.

అలాంటి పిల్ల ఇప్పుడు శనివారం వస్తే చాలు, పొద్దున పదింటికల్లా తలస్నానం చేసి కారు తాళాలు అడుగుతోంది. తల్లి సంతోషించింది, ఒక్క వారం. రెండో వారం పిల్ల గోళ్ళలో మసి, బొటనవేలికి గాటు, బట్టలకు కొవ్వొత్తుల వాసన. మూడో వారం ఈ డబ్బాలు.

"ఎక్కడికే వెళ్తున్నావు?" అంది.

"చెప్పాను కదమ్మా. అంపారో ఆంటీ గరాజ్‌కి."

"అక్కడేం చేస్తారు?"

"ఆర్ట్. ఇట్స్ జస్ట్ ఆర్ట్."

"నా నెయ్యి డబ్బాలతోనా?"

భవిత నవ్వింది. ఏప్రిల్ తర్వాత ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది. అయినా నాగమల్లేశ్వరికి, అడిగినదానికి జవాబు రాలేదే అన్నదే మనసులో మెదిలింది.

అంపారో గురించి ఆమెకు తెలిసింది తక్కువ. మెక్సికో నుంచి పందొమ్మిదేళ్ళ వయసులో వచ్చిన మనిషి, ఇప్పుడు అరవై దాటింది. భవిత చదివిన మిడిల్ స్కూల్లో ఇరవై రెండేళ్ళు మధ్యాహ్న భోజనం వడ్డించింది. భవిత ఆరో తరగతిలో రోజూ ఉత్త బ్రెడ్డే తింటోందని ఆమె రెండో వారంలోనే గమనించిందట. అప్పటి నుంచి మాంసం గరిటె తగలని చిక్కుడుగింజలూ అన్నమూ ఒక పళ్ళెంలో పక్కన పెట్టేదట, మూడేళ్ళపాటు, ఎవరూ అడగకుండానే. ఆగస్టులో మందుల షాపు వరుసలో ఆమే భవితను గుర్తుపట్టింది. ఏం మందు అని అడగలేదు. తన చేతిలోని కాగితం సంచి చూపించి, "నేనూ ప్రతి నెలా ఇక్కడికే వస్తాను" అందట. తర్వాత శనివారాలు గరాజ్‌కి రమ్మంది.

ఇదంతా వినడానికి బాగానే ఉంది. కానీ డబ్బు తీసుకోదు, సర్టిఫికెట్ ఇవ్వదు, కన్నబిడ్డ కాదు, కులమూ భాషా కలవవు. మరి ఆమెకు నా పిల్లతో ఏం పని? ఈ ప్రశ్న నాగమల్లేశ్వరిని చీరకు పట్టుకున్న పల్లేరుకాయలా వదల్లేదు. ఒకసారి అంపారో మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన పిండి ముద్దలు పంపింది. వాటిలో పందికొవ్వు వేస్తారని ఎవరో చెప్పారు. మనకోసం నూనెతో విడిగా చేసిందని భవిత ఎంత చెప్పినా, నాగమల్లేశ్వరి వాటిని చెత్తబుట్టలో వేసి, అన్నం పారేసినందుకు చేతులు కళ్ళకద్దుకుంది.

అక్టోబరు మూడో శనివారం భవిత తీసుకెళ్ళే కారు రిపేరుకు వెళ్ళింది. నాగమల్లేశ్వరే ఇంకో కారులో దింపింది. ఒంటిగంటకు వచ్చి తీసుకెళ్ళమంది పిల్ల. పదకొండింటికే ఆమె కాలు నిలవలేదు. కారు రెండిళ్ళ అవతల ఆపి, స్వెట్టర్ టోపీ తలమీదికి లాక్కుని, గరాజ్ పక్క కిటికీ దగ్గరికి నడిచింది.

లోపల తొమ్మిది మంది ఆడవాళ్ళున్నారు. ఎవరి చేతిలో చూసినా సుత్తో, కుంచో. ఎదుటి గోడ నిండా అరచేతంత, పుస్తకమంత రేకు ముక్కలు. వాటి మీద రంగుల బొమ్మలు. ఒక దాంట్లో తలకిందులైన కారు. ఒక దాంట్లో మంచు గదిలో ముడుచుకు కూర్చున్న ఆడమనిషి. ఒక దాంట్లో మెడకు తాడు కట్టుకోబోతున్నవాడు. కింద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. గోడ మధ్యలోని రేకు మీద ఒక మంచం బొమ్మ, మంచం మీద పసుపు ఏనుగుల నీలం దుప్పటి. అచ్చం ఆ దుప్పటినే కిందటేడు తనే గుంటూరు నుంచి తెచ్చింది. దుప్పటి కింద జుట్టు విరబోసుకున్న పిల్ల, ఆ పిల్ల మీద చిన్న మేకుతో కొట్టిన గోరంత వెండి తలకాయ.

నాగమల్లేశ్వరికి చిన్నప్పుడు ఊళ్ళో విన్న చేతబడి మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. తన ఇంటి దుప్పటి, తన బిడ్డ బొమ్మ, మేకు, కొవ్వొత్తి. ఇంకేం కావాలి? ఫోన్ తీసింది. గోడను ఫోటో తీసింది. ఆడవాళ్ళను తీసింది. వీళ్ళెవరో రాఘవులు కనుక్కుంటాడని, వాకిట్లో నిలిపిన కార్లను కూడా నంబర్లతో సహా తీసింది.

అప్పుడే లోపల ఒక అమ్మాయి తలెత్తి కిటికీ వైపు చూసింది. ఏదో అరిచింది. దీపాలు ఆరిపోయాయి, గరాజ్ తలుపు దడదడా కిందికి దిగింది. నాగమల్లేశ్వరి కారెక్కి పెట్రోలు బంకులో గంటన్నర కూర్చుని, ఒంటిగంటకు ఏమీ ఎరగనట్టు తిరిగి వచ్చింది. భవిత మొహం పాలిపోయి ఉంది.

"ఎవరో ఫోటోలు తీశారమ్మా. కార్ ప్లేట్స్ కూడా. అక్కడికొచ్చే అమ్మాయి యరెత్సి చూసింది."

నాగమల్లేశ్వరి సిగ్నల్ వైపు చూస్తూ, అవునా అంది.

మరుసటి శనివారం గరాజ్ తెరవలేదు. ఆ తర్వాతి శనివారమూ అంతే. భవిత మళ్ళీ మంచం ఎక్కింది. తల్లి తలుపు దగ్గర పెట్టిన రాగిజావ తొరక కట్టి అలాగే ఉండేది. తన బిడ్డను కాపాడుకున్నానని నమ్ముదామంటే ఆ గ్లాసు నమ్మనిచ్చేది కాదు. చివరికి ఒక సాయంత్రం ఫోటోలు రాఘవులు ముందు పెట్టింది. చేతబడి అన్న మాట విని ఆయన ముందు నవ్వాడు, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేశాడు.

"దీని కింద తెలుగు ఉంది, చూశావా?"

చూడలేదు. బెదిరిన కంటికి మేకే కనిపించింది కానీ, భవిత ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న ఆ వంకర అక్షరాలు కనిపించలేదు. రాఘవులు కూడబలుక్కుని చదివాడు. "ఐదు నెలలు నేను లేవలేదు. మా అమ్మ రోజూ తలుపు దగ్గర జావ పెట్టింది. ఒక్కసారీ తిట్టలేదు. ఒక రోజు లేచి తాగాను. వెంకన్న సామీ, థాంక్యూ. భవిత, అరోరా."

బొమ్మలో ఒక మూల మబ్బుల మధ్య పెద్ద నామంతో స్వామి ఉన్నాడు. ఇంకో మూల, తలుపు దగ్గర, గ్లాసు పట్టుకుని వంగిన చీర మనిషి.

తిట్టలేదట. మనసులో ఎన్ని తిట్లు తిట్టుకుందో ఆమెకే తెలుసు. భవితకు మూడేళ్ళప్పుడు కళ్ళు వాచి రెప్పలు విప్పలేకపోతే, తగ్గాక కొండ మీద హుండీలో వెండి కళ్ళు వేసింది తనే. ఆ వెండి కళ్ళు మొక్కు, ఈ వెండి తలకాయ చేతబడి ఎలా అయ్యాయో ఆమెకిప్పుడు అర్థం కాలేదు.

"ముందు పిల్లకి చెప్పు," అన్నాడు రాఘవులు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. వెళ్ళి తనే బియ్యం కడిగాడు.

భవిత గోడ వైపు తిరిగి పడుకునే విన్నది.

"యరెత్సి వాళ్ళమ్మ రెండు వారాలుగా వర్క్‌కి వెళ్ళట్లేదమ్మా. ఇల్లు వదిలేసి కజిన్ ఇంట్లో ఉంటోంది. పేపర్స్ లేవు, ఇమిగ్రేషన్ వాళ్ళు వస్తారని భయం." గోడ మీదే కళ్ళు పెట్టి అంది, "నేనే ఎవరికో చెప్పాననుకుంటున్నారు. నాకు సారీ వద్దు. వాళ్ళకి చెప్పు."

నాగమల్లేశ్వరి పన్నెండేళ్ళు గ్రీన్‌కార్డు కోసం కాచుకున్న మనిషి. రాఘవులు ఉద్యోగం పోయి, ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాల్సిన ఆ అరవై రోజుల్లో, తెలియనివాళ్ళు బెల్ కొడితే దేవుడి గదిలోకి వెళ్ళి నిలబడిన మనిషి. ఆ భయం ఎంత బరువో ఎరిగి ఉండి కూడా, దాన్ని తీసుకెళ్ళి ఇంకొక ఇంటి గుమ్మంలో పెట్టి వచ్చింది.

మర్నాడు అంపారో తలుపు గొలుసు వేసి ఉన్నంత మేరకే తెరిచింది. సందులోంచి తెల్లజుట్టూ ఒక కన్నూ కనబడ్డాయి. నాగమల్లేశ్వరి తనకొచ్చిన ఇంగ్లీషులో ఆ ఫోటోలు తీసింది తనేనని చెప్పింది.

"మీరా?" అంది అంపారో. "గోడ తీశారు, సరే. కార్ల నంబర్లు ఎందుకు?"

అనుమానమండీ, అంది నాగమల్లేశ్వరి.

అంపారో ఫోన్ తీయమని, సందులోంచి చూస్తూ, ఒక్కో ఫోటో తుడిచేయించింది. తుడిచినవి వెళ్ళే బుట్ట కూడా ఖాళీ చేయమంది. ఎవరికీ పంపలేదని రెండుసార్లు చెప్పించుకుంది. అప్పుడు గొలుసు తీసి, కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చింది. కానీ తను మాత్రం తలుపు పక్కనే నిలబడింది.

ఆ మధ్యాహ్నం ఆమె తన కథ కొంత చెప్పింది. వాళ్ళ నాన్న రేకు పనివాడు. గండం గడిచినవాళ్ళు వచ్చి తమ గోడు చెప్పుకుంటే, దాన్ని రేకు మీద బొమ్మగా వేసి, కింద నాలుగు ముక్కలు రాసి ఇచ్చేవాడట. వాళ్ళు దాన్ని, నయమైన అవయవానికి ఒక చిన్న వెండి బొమ్మ కూడా కొట్టి, చర్చి గోడకు మొక్కుగా తగిలించేవారు. ఆయన ఆడపిల్ల చేతికి కుంచె ఇవ్వలేదు. చూసి నేర్చుకుంది. ఇక్కడికి వచ్చాక, రెండో కాన్పు తర్వాత, ఎనిమిది నెలలు స్కూలు వంటగదిలో సరుకులు గడ్డకట్టించి దాచే మంచు గదిలో దూరి ఏడ్చింది. ఒంట్లో నరాల జబ్బు అనుకుంది. ఆడపడుచులు పనీపాటా లేని ఏడుపన్నారు, ఫాదర్‌గారు ప్రార్థన చేయమన్నారు, చివరికి స్కూలు నర్సు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలు పనిచేశాయి. ఇప్పటికీ వేసుకుంటుంది. నయమయ్యాక ఒక పీచ్ పళ్ళ రేకు డబ్బా కోసి, ఆ మంచు గదినీ మేరీమాతనూ వేసింది. గోడ మీద మొదటి రేకు అదే.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. యరెత్సి నర్సింగ్ చదువుతుంది, పరీక్ష అంటే ఊపిరి ఆడక కార్లోనే కూర్చుండిపోయేది. ఆ పిల్లకు స్పానిష్ సగమే వచ్చు, ఇంగ్లీషు కలిపి రాస్తానంటే అంపారో కాదనలేదు. మా నాన్న వింటే కొట్టేవాడు, అంది. నెలకొకసారి ఒక కౌన్సెలర్ కూడా వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంటుంది. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా విప్పుతారట. భవిత ఏ భాషలో రాయాలని అడిగితే, ఎవరు చదవాలనుకుంటున్నావో వాళ్ళ భాషలో రాయమందట.

నాగమల్లేశ్వరి చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇప్పుడు తనేం చేస్తే అందరూ మళ్ళీ వస్తారని అడిగింది.

"మీ మాట నేను నమ్ముతాను," అంది అంపారో. "అంటే, నమ్మడానికి చూస్తాను. వాళ్ళ తరఫున నేను మాటివ్వలేను. శనివారం వచ్చి మీరే చెప్పండి."

శనివారం తొమ్మిది మందిలో ముగ్గురే వచ్చారు. భవిత తల్లితో కలిసి వచ్చింది కానీ ఆమె పక్కన కూర్చోలేదు. యరెత్సి నాగమల్లేశ్వరిని గుమ్మంలోనే ఆపి, "ఫోన్ కార్‌లో పెట్టి రండి," అంది. పెట్టి వచ్చింది. నిలబడి, చేసింది చేసినట్టు చెప్పింది. చేతబడి సంగతి కూడా దాచలేదు. దానికి ఒకామె పెదవి బిగించి నవ్వాపుకుంది, యరెత్సి నవ్వలేదు. ఎవరూ ఫరవాలేదనలేదు. కాసేపటికి అంపారో ఒక సుత్తీ నాలుగు రేకు ముక్కలూ తెచ్చి ఆమె ముందు పెట్టి, చేతులు కోసుకోకుండా అంచులు మడిచి కొట్టమంది. ఆమె కొట్టింది. ఒంటిగంట దాకా యరెత్సి కళ్ళు ఆమె చేతుల మీదే ఉన్నాయి.

పై వారం ఐదుగురు వచ్చారు. ఆ పై వారం ఆరుగురు. ఆ శనివారాల్లో భవిత తనంతట తనే లేచి, తల్లిని లేపి, ఆలస్యమవుతోందని విసుక్కుంది.

నాలుగో వారం పదకొండున్నరకు ఒక నడివయసు మనిషి కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. యరెత్సి సుత్తి కింద పెట్టి, "మామీ," అని తల్లిని పిలిచింది. ఆమె కూతురి వైపు చూడలేదు. రేకులు కొడుతున్న నాగమల్లేశ్వరిని పరీక్షగా చూసింది. నాగమల్లేశ్వరి లేచి చేతులు జోడించింది. భవిత లేచి ఒక కుర్చీ తెచ్చింది. యరెత్సి తల్లి ఆ కుర్చీని గోడకు జరుపుకుంది, అటు వీధి తలుపూ ఇటు నాగమల్లేశ్వరీ రెండూ కనబడేటట్టు. కూర్చుని, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.