కోటలో వెలిగించని కొవ్వొత్తి

ఇన్నేళ్ళూ నేను మోసింది ఒక కొవ్వొత్తి బరువు. వినడానికి తేలిగ్గా ఉంది కదూ? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమెకే చెప్పలేకపోతున్నాను.

హైస్కూలు రోజుల నుంచి డైరీ రాసే అలవాటు నాది. వస్తువు తీసినచోటే పెడతాను, చూసింది చూసినట్టే చెబుతాను. అందుకే నా మాటంటే జనానికి గురి. ఆ గురే లేకపోతే నేను చేసింది ఇంత దూరం వచ్చేది కాదేమో.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో సౌదీలో, జుబైల్‌లో ఒక రసాయనాల ప్లాంటులో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. కుటుంబం ఇండియాలో. శుక్రవారం భోజనం మాత్రం శౌరయ్య ఇంట్లో. అతను మా ప్లాంటులోనే ఆపరేటర్. భార్య లూర్దు మేరీ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ గుంటూరు పక్కన ఫిరంగిపురం. లూర్దు నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. అన్నం రెండోసారి వడ్డించేటప్పుడు మాత్రం అడిగేది కాదు.

ఒక ఏడాది లూర్దు వాళ్ళమ్మకి గుంటూరులో గుండె ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రిలో నర్సులకి సెలవులు వంతుల ప్రకారం ఇచ్చేవారు. సరిగ్గా అప్పుడే లూర్దు వంతు వచ్చింది. వదులుకుంటే ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఎప్పుడో తెలియదు. తల్లేమో ఫోన్లో, "ఇప్పుడొచ్చి ఏం చేస్తావే, క్రిస్మస్‌కి రా, అందరం కలిసి గుడికెళ్దాం" అంటోంది. వెళ్ళాలా, ఆగాలా? ఆ పిల్ల తేల్చుకోలేక నలిగిపోయేది.

అదే సమయంలో నాకు ప్రయాణం పడింది. కంపెనీ కొన్న పంపుల పరీక్ష చూసి రావడానికి క్రొయేషియాలో స్ప్లిట్ అనే ఊరికి. సముద్రం ఒడ్డు ఊరు. ఊరి నడిబొడ్డున రోమన్ చక్రవర్తి కట్టుకున్న ప్యాలెస్ ఉందని చదివాను. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పాను.

"అందులో మా గుడి ఏమన్నా ఉందా అన్నయ్యగారూ?" అంది లూర్దు.

"ఉందమ్మా. ఆ రాజు సమాధినే గుడి చేశారట. మీవాళ్ళని చంపించిన రాజేనట."

శౌరయ్య పడీ పడీ నవ్వాడు. "అయితే వాడి నెత్తిమీదే ఓ కొవ్వొత్తి పెట్టి రండి సార్!"

"నీకన్నీ నవ్వులాటే," అని మొగుణ్ణి కసిరి, నా వైపు తిరిగింది. "నిజంగానే, మా అమ్మ పేరు చెప్పి ఒక్కటి వెలిగిస్తారా? ఈ దేశంలో మనకి గుడి లేదు, ఇంట్లో వెలిగించాలన్నా ఎవరూ చూడకుండా ముందు కర్టెన్లు వేసుకోవాలి. గుడిలో వెలిగి ఎన్నాళ్ళయిందో. అది జరిగితే నా మనసు ఒక దారికొస్తుంది."

తప్పకుండా అన్నాను.

ఆ ప్యాలెస్ గురించి ఎలా చెప్పను? కంచె వేసిన శిథిలాలు ఊహించుకుని వెళ్ళాను. తీరా చూస్తే ప్యాలెస్ ఎక్కడ అయిపోయిందో, ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. చక్రవర్తి సింహాసనం దిగిపోయి, క్యాబేజీలు పండించుకుంటూ అక్కడే కాలం గడిపాడట. ఆయన పోయిన ఎన్నో వందల ఏళ్ళకి, శత్రువులు తరిమితే పారిపోయి వచ్చిన జనం ఆ గోడల మధ్య దూరి గదులు కట్టుకున్నారట. ఇంకా ఉంటూనే ఉన్నారు. చక్రవర్తి కిటికీలోంచి ఒకావిడ బల్లమీది గుడ్డ దులుపుతోంది. పాతరాతి గోడ నుంచి గోడకి తాడు కట్టి పిల్లల చొక్కాలు ఆరేశారు. ఎక్కడో ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఎన్ని పాదాలు రాసుకున్నాయో, నేలరాళ్ళు తడిసినట్టు మెరుస్తుంటే నీళ్ళమీద నడుస్తున్నట్టే ఉంది. పైకప్పు లేని ఒక గుండ్రటి గదిలో నలుగురు మగవాళ్ళు వాయిద్యాలు లేకుండా పాడుతున్నారు. భాష తెలియదు. తెలియనవసరం లేదనిపించింది. పైన గుండ్రంగా ఆకాశం, ఆ పాట అందులోంచి దిగుతోందా, అందులోకి వెళ్ళిపోతోందా?

ఆరుబయట మండపంలో ఒక మెట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా నల్లరాతి బొమ్మ, సింహం ఒళ్ళు, మనిషి ముఖం. దాని దాపునే గుడి. ఎండ ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి మెల్లగా జారుతోంది. జుబైల్‌లో సైరన్‌తో లేచి సైరన్‌తో తినే మనిషిని, ఆ రోజు వాచీ చూసుకోలేదు. నేనూ ఉద్యోగం దిగిపోయిన రాజునే అనుకున్నానేమో.

గుడి దగ్గరికి వెళ్ళేసరికి మూసేశారు. నన్ను తీసుకెళ్ళడానికి పంపుల ఫ్యాక్టరీ కారు వచ్చేసింది.

తిరిగొచ్చాక, శుక్రవారం గుమ్మంలోనే అడిగింది. "వెలిగించారా అన్నయ్యగారూ?"

"వెలిగించానమ్మా."

"ఆరిపోలేదుగా?"

అక్కడ ఆగిపోయినా బాగుండేది. నేను ఆగలేదు. బయటికొచ్చేదాకా నిటారుగా వెలుగుతూనే ఉందన్నాను. పక్కనున్న ముసలావిడ మీ అమ్మకోసం తనూ సిలువ గుర్తు వేసుకుందన్నాను. ఆ ఎండ, ఆ పాట, ఆ మెరిసే రాళ్ళు, నేను చూసిన అందమంతా తెచ్చి నా అబద్ధానికి తొడిగాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మరుసటి శుక్రవారం, పెరుగు వడ్డిస్తూ, తన వంతు ఒక మలయాళీ అమ్మాయికి ఇచ్చేసి, ఆమె క్రిస్మస్ వంతు తను తీసుకున్నానని చెప్పింది. ఆ పిల్ల పెళ్ళట. "మీరు చెప్పాక నాకు భయం పోయిందండీ. క్రిస్మస్‌కే వెళ్తా." నోట్లో ముద్ద ఉంది. మింగి చెప్పవచ్చు. ఎందుకు చెప్పలేదు? పరువా? లేక, ఏమీ కాదులే అన్న బద్ధకమా? మింగాను. మళ్ళీ ముద్ద కలిపాను.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకే తల్లి పోయింది. కబురు బుధవారం సాయంత్రం వచ్చింది. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. పాస్‌పోర్టు ఆసుపత్రి ఆఫీసు బీరువాలో. దాని మీద ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే వెళ్ళి రావడానికిచ్చే అనుమతి ముద్ర, పడందే ఎవరూ దేశం దాటలేరు. శౌరయ్యా నేనూ కారేసుకుని తిరగని చోటు లేదు. అన్నీ తాళాలే. శనివారం ఆఫీసు తెరిచేసరికి ఊళ్ళో తల్లి సమాధి కూడా అయిపోయింది.

కర్టెన్లు వేసిన ఆ గదిలో లూర్దు నా చెయ్యి పట్టుకుంది. "పోనీలెండి అన్నయ్యగారూ. నేను లేకపోయినా మా అమ్మకోసం అంత పెద్ద గుడిలో కొవ్వొత్తి వెలిగింది. అదొక్కటీ చాలు."

ఇక ఎలా చెప్పను? నిజం చెబితే ఆమెకి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. చెప్పకపోవడం దయ అనుకున్నాను. ఎవరి మీద దయ? ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ వేరే పని వెతుక్కున్నాను.

నాలాగే వాళ్ళూ రిటైరై ఇండియా వచ్చి గుంటూరు చేరారు. నిన్న లూర్దు ఫోన్ చేసింది. ఇటలీలో నర్సుగా ఉన్న కూతురు వాళ్ళని స్ప్లిట్ తీసుకెళ్తోందట.

"మీరు వెలిగించింది కుడిపక్కనా, ఎడంపక్కనా? మీ డైరీలో ఉంటుందిగా, చూసి చెప్పండి. నేనూ అక్కడే వెలిగిస్తా."

వెనకనుంచి శౌరయ్య గొంతు. "ఇన్నేళ్ళకి కుడీ ఎడమా ఏం గుర్తుంటాయే! సార్‌ని వదిలెయ్."

"అన్నయ్యగారికి గుర్తుండకపోవడమేంటి?"

చూసి చెబుతానన్నాను. రేపు మళ్ళీ చేస్తానంది.

డైరీ తీయలేదు. తీసినా ఏం లాభం? ఆ రోజు పేజీ నిండా ప్యాలెస్సే.

ఒక్క మాట దిద్దాలి. గుడి మూసేశారని పైన రాశాను. చూశారా, మీకు కూడా అబద్ధమే చెప్పాను. నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో, చెయ్యి దానంతటదే రాసేసింది. మూయలేదు. నేను మర్చిపోనూ లేదు. మెట్టు మీద కూర్చున్న నాకు గుమ్మంలోంచి లోపలి చీకటి, అందులో చిన్న చిన్న దీపాలు కనబడుతూనే ఉన్నాయి. లూర్దు మాట గుర్తొచ్చింది. ఎండ హాయిగా ఉంది, పాట ఇంకా అవలేదు. వెళ్దాంలే, ఇంకాసేపు, అనుకున్నాను. ఈలోగా కారు వచ్చేసింది. అంతే. ఒకరి తల్లి పేరున వెలగాల్సిన కొవ్వొత్తికీ నాకూ మధ్య అడ్డొచ్చింది అంతకంటే పెద్దదేమీ కాదు.

రేపు ఫోన్ మోగితే నా నోట కుడి అనే మాట వస్తుందో, ఎడమ అనే మాట వస్తుందో, నిజమే వస్తుందో నాకు తెలియదు. క్షమించమని అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది.

తలుపు తెరిచే ఉందమ్మా లూర్దూ. నేను లోపలికి వెళ్ళలేదు.