ఆదోని పెట్టె, ఎమ్మిగనూరు పెట్టె

ఎమ్మిగనూరు మీద సుభద్రమ్మకు మంచి అభిప్రాయం ఎన్నడూ లేదు. ఆ ఊరి ఎండ ఆదోని ఎండ కంటే ఎక్కువ, ఆ ఊరి నీళ్లు ఉప్పన, ఆ ఊళ్లో బొరుగులతో చేసే ఉగ్గాణిలో పుట్నాల పొడి తక్కువ. గట్టిగా గంట ప్రయాణం లేని ఊరికి ఇన్ని తేడాలు ఎట్లా వచ్చాయని భర్త వాదిరాజ ఒకసారి అమాయకంగా అడిగాడు. మనుషుల్ని బట్టి వస్తాయని ఆమె జవాబిచ్చింది. మనుషులంటే ఆమె లెక్కలో ఒక్క మనిషే. వియ్యపురాలు తుంగాబాయి.

ఆ ఊరు చేసిన నేరం ఇంకొకటి కూడా ఉంది. కర్నూలు నుంచి వచ్చే బస్సు ముందు ఎమ్మిగనూరులో ఆగి, ఆ తర్వాతే ఆదోని చేరుతుంది. కూతురు వైజయంతి, అల్లుడు అచ్యుత్, మనవరాలు రక్షిత కర్నూలులో ఉంటారు. సెలవులు రాగానే బస్సెక్కుతారు, ఎమ్మిగనూరులో దిగుతారు, ఇక అక్కడే పాతుకుపోతారు. సెలవులు అయిపోయే ముందు, ఏదో చుట్టపుచూపుగా ఆదోనికి వచ్చి, సంచులు కూడా పూర్తిగా విప్పకుండానే వెళ్లిపోతారు. రోడ్డు వేసినవాళ్లకు బుద్ధి లేదని సుభద్రమ్మ తీర్మానం.

తుంగాబాయి మీద ఈ కోపం పెళ్లి నాటిది. ఆ రోజు కాఫీ చల్లారిందని ఆమె వెనక్కి పంపింది. వేడిగా పంపితే నోరు కాలిందని మళ్లీ పంపింది. ఆడపిల్ల తల్లి కాబట్టి సుభద్రమ్మ రెండుసార్లూ నవ్వింది. లెక్కల టీచరుగా ఆదోనిలో తరతరాల పిల్లల్ని గడగడలాడించిన మనిషి, ఒక చల్లారిన కాఫీ ముందు చేతులు కట్టుకుని నవ్వవలసి వచ్చింది. అంతటితో అయిందా? బిందెలో ఉంగరం తీసే ఆటలో ఉంగరం వైజయంతి చేతికే దొరికింది. సుభద్రమ్మ వెనక నుంచి కూతురి నడుం గిల్లి, "వదిలెయ్యి" అని చెవిలో అంది. కూతురు వదిలింది. అచ్యుత్ ఉంగరం పైకెత్తి చూపించాడు.

"మావాడు చిన్నప్పటి నుంచీ అంతే, పట్టినాడంటే వదలడు" అని తుంగాబాయి మండపమంతా వినబడేలా అంది.

ఆ మాట సుభద్రమ్మ ఇంతవరకూ మర్చిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఇట్లా ఉండగా ఒక దసరాకు అచ్యుత్ ప్లేస్టేషన్ కొని తల్లి ఇంట్లో టీవీకి తగిలించాడు. అందులో రక్షితకు ఒక ఆట తెగ నచ్చింది. గొడుగు పట్టుకున్న పిల్లి ఒకటి ఒక మిద్దె మీది నుంచి ఇంకో మిద్దె మీదికి గాలిలో తేలుకుంటూ పోతుంది. ఆట మొత్తం అంతే. ఆ పిల్లి కోసం ఆ దసరాకు పిల్ల ఆదోని ముఖమే చూడలేదు.

"పిల్లికి గొడుగేందే? వానొస్తే మంచం కిందికి దూరుతుంది గానీ" అని సుభద్రమ్మ ఫోన్లో కసిరింది. పిల్లి ఏ మిద్దె మీద ఉందో, రక్షిత అప్పటికే ఫోన్ పక్కన పెట్టేసింది.

మర్నాడు సుభద్రమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, టీవీలూ ఫోన్లూ అమ్మే దుకాణానికి వెళ్లింది. దుకాణదారు బజారి ఒకప్పుడు ఆమె క్లాసులో చివరి బెంచీ. ఆమెను చూడగానే అలవాటుగా లేచి నిలబడ్డాడు.

"పిల్లలు ఆడుకునే పెట్టె కావాల" అంది.

"ప్లేస్టేషన్ ఇమ్మంటారా టీచరమ్మా?"

"ఆ పేరు నా ముందర ఎత్తొద్దు. దానికి గిట్టని పెట్టె ఏదుంది?"

బజారి నవ్వు దాచుకోవడానికి గల్లాపెట్టె వైపు తిరిగాడు. "ఎక్స్‌బాక్స్ ఉండాది టీచరమ్మా. రెండింటికీ ఏండ్ల నుంచి పోటీ. దీన్ని ఆడేటోల్లు దాన్ని తిడతారు, దాన్ని ఆడేటోల్లు దీన్ని తిడతారు."

"అట్లయితే అదే ఇయ్యి."

"పాపకు యా ఆట ఇష్టమో అడిగినారా? కొన్ని ఆటలు దాంట్లోనే వస్తాయి, దీంట్లో రావు."

"ఏడో తరగతి లెక్కలే ఎక్కలేదు నీకు, నాకు చెప్తాండావా?"

బజారి నోరు మూసుకుని పెట్టె కట్టి ఇచ్చాడు. మనవరాలికి ఏది ఇష్టమో కాదు, వియ్యపురాలికి ఏది గిట్టదో చూసి వస్తువు కొనే మనిషికి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

క్రిస్మస్ సెలవులకు రక్షిత వచ్చింది. పరుగున వెళ్లి పెట్టె ముందు కూర్చుంది. పిల్లి కోసం వెతికింది. అన్ని ఆటల బొమ్మలూ ఒక్కొక్కటే జరిపి చూసి, చివరికి తల తిప్పింది.

"ఇందులో పిల్లి లేదవ్వా."

"పోతే పోనీ, అది ఒక ఆటనా? కార్ల పందెం ఉంది చూడు, దానికి బుర్ర కావాల" అంది సుభద్రమ్మ.

ఆ రెండు మూడు నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో పిల్లకు తెలియదు. మనవరాలు వచ్చేలోపు నేర్చుకుని ఉంచుదామని సుభద్రమ్మ మొదలుపెట్టింది. ఏ మలుపుకు ముందు ఎక్కడ వేగం తగ్గించాలో, ఎక్కడ లోపలి అంచు పట్టుకుని పోవాలో ఆమెకు కంఠతా వచ్చేసింది. పొద్దున పూజ కాగానే పందెం, భోజనం కాగానే పందెం. ఆ పెట్టెలో ఉన్న మిగతా కార్లన్నీ ఆమె కంటికి పాసు మార్కులు రాని పిల్లల్లాగే కనిపించేవి. వాదిరాజకు మాత్రం చేపలు పట్టే ఆట నచ్చింది. ఏటి ఒడ్డున గాలం వేసి కూర్చుంటాడు, చేప పడుతుంది, బరువు చూసుకుంటాడు, మీట నొక్కి మళ్లీ నీళ్లలోకి వదిలేస్తాడు.

"మడి కట్టుకుని సంధ్యావందనం చేసిన చేత్తో చేపలు పడతాండారా? సిగ్గు లేదూ?" అని ఆమె ఈసడించుకునేది.

"పట్టి వదిలేస్తాండాను కదే. పాపమేముంది?" అనేవాడు వాదిరాజ.

గెలవడానికి ఏమీ లేని ఆటను పట్టుకుని మగవాడు పూటంతా కూర్చోవడం కంటే తక్కువతనం ఇంకొకటి ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఇక మనవరాలితో పందెం. మొదటి ఆటలో సుభద్రమ్మ గెలిచింది. రెండో దాంట్లోనూ గెలిచింది. గెలిచి ఊరుకుందా? "మలుపు దగ్గర వేగం ఎందుకు తగ్గించలేదు? చెప్పిన మాట చెవిన పడితే కదా. మళ్లీ చెయ్యి" అంది. రక్షిత మళ్లీ చేసింది, గోడకు గుద్దింది. "ఇదేనా మీ నాయన నేర్పింది?" అంది. పిల్ల కంట్రోలర్ కింద పెట్టేసి, తాత పక్కన కాసేపు కూర్చుని, చేప పడేలోపు ఆవులించి, ఆ తర్వాత తల్లి చెవిలో ఏదో అడిగింది. అడిగింది ఏమిటో సుభద్రమ్మకు వంటింట్లోకే వినబడింది. ఎమ్మిగనూరుకు ఎప్పుడు పోదామని.

వేసవి సెలవులకు ముందు వైజయంతి ఫోన్ చేసింది. పిల్ల ఈసారి సెలవులన్నీ ఎమ్మిగనూరులోనే ఉంటుందట. ఆదోనికి రానంటే రానంటోందట.

"ఆ తుంగాబాయికి కంట్రోలర్ యా పక్క పట్టుకోవాల్నో కూడా తెలీదు!" అంది సుభద్రమ్మ.

"అందుకేనమ్మా" అంది కూతురు. "నీతో ఆడితే పరీక్ష రాసినట్టుంటుందంట."

సుభద్రమ్మ ఫోన్ పెట్టేసింది. కోపం వచ్చిందని ఆమె అనుకుంది. నిజానికి భయం వేసింది. ఈ వేసవికి రాని పిల్ల వచ్చే వేసవికి అసలు అడగనే అడగదు. కొన్నాళ్లకు ఆదోని అవ్వ అంటే ఫోన్లో కసిరే ఒక గొంతు, అంతే.

వాదిరాజ గాలం పక్కన పెట్టి ఒక్క మాట చెప్పాడు. "ఒక్క ఆట ఓడిపో సుభద్రా. ఎమ్మిగనూరు పోయి, వాళ్ల పెట్టె మీదనే, ఆ పిల్ల ముందర ఓడిపో. రేపటికి నీ వెంట బస్సెక్కుతుంది."

"అంతే కదా, ఓడిపోయేదానికి చదువు కావాల్నా?" అంది ఆమె. ఆ మాట ఎంత తేలిగ్గా అందో, ఆ పని అంత కష్టంగా ఉంది. ఇంట్లో ఆడి చూసుకుంది. ఆఖరి మలుపు వచ్చేసరికి బొటనవేలు దాని ఇష్టం వచ్చినట్టు అది నొక్కుతోంది. పట్టుబట్టి, చెయ్యి కొరుక్కుని, చివరికి ఎట్లాగో ఒకసారి ఓడింది. ఆ పూట అన్నం సయించలేదు. అయినా ఓడిపోవడం వచ్చిందనే ధైర్యంతో ఎమ్మిగనూరు బస్సెక్కింది.

తుంగాబాయి ఎదురొచ్చి కాఫీ ఇచ్చింది. కాఫీ చల్లగా ఉంది. సుభద్రమ్మ చివరి చుక్క వరకూ తాగి, బాగుందని చెప్పింది. టీవీ ముందు చాప మీద కార్ల పందెం సాగుతోంది, ఆ ఆట ఈ పెట్టెలోనూ ఉంది. తుంగాబాయి కంట్రోలర్ తలకిందులుగా పట్టుకుంది. ఆమె కారు వెనక్కి పోయింది, గోడెక్కింది, తిరగబడింది.

"ఇది యాడికి పోతాందే?" అని తుంగాబాయి అరిచింది.

రక్షిత చాప మీద పడి దొర్లింది. తుంగాబాయి కూడా నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ గోడకే గుద్దింది. ఇంత వయసొచ్చి ఇంత బుద్ధితక్కువ మనిషిని తను ఎక్కడా చూడలేదని సుభద్రమ్మ అనుకుంది. అనుకుంటూనే, ఆ పిల్ల తన ఇంట్లో ఒక్కసారి కూడా అట్లా దొర్లలేదని గుర్తొచ్చింది. తనది అసూయ అని ఆమెకు బాగానే తెలుసు.

"రక్షితా, మనమిద్దరం ఒక ఆట ఆడుదామా?" అంది, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని.

పిల్ల అనుమానంగా చూసింది గానీ, తుంగాబాయి లేచి ఉయ్యాలబల్ల మీదికి పోతే ఆమె కంట్రోలర్ అందించింది. పందెం మొదలైంది. సుభద్రమ్మ కావాలని నిదానంగా పోయింది. ఒకచోట తడబడినట్టు నటించింది. రక్షిత కారు ముందుకు పోయింది. పిల్ల మొహం వెలిగిపోయింది.

"అవ్వా, నేను గెలుస్తాండా! చూడు, గెలుస్తాండా!"

"నాకు చేతకావడం లేదే" అంది సుభద్రమ్మ. ఆ మాట నోటి నుంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. కొంచెం హాయిగా కూడా అనిపించింది. గడప దగ్గర నిలబడిన వైజయంతి తల్లిని చూసి నవ్వింది.

ఆఖరి మలుపు వచ్చింది. అప్పుడు ఉయ్యాలబల్ల మీద నుంచి తుంగాబాయి ముచ్చటపడుతూ అంది. "మా పిల్ల అంతే వదినా. వాళ్ల నాయన మాదిరే. పట్టిందంటే వదలదు."

సుభద్రమ్మ బొటనవేలు నొక్కింది. ఆమె కారు లోపలి అంచు పట్టుకుని, పిల్ల కారును గోడ వైపు నెట్టి, రవ్వంత తేడాతో గీత దాటింది.

టీవీలో బాణసంచా పేలింది. రక్షిత కంట్రోలర్ మెల్లగా కింద పెట్టి, సుభద్రమ్మ చేతిలోది కూడా తీసుకుని, తుంగాబాయి దగ్గరికి పోయింది.

"నువ్వు రా అవ్వా, మనం పిల్లి ఆట ఆడుదాం."

"కాఫీ ఇంకొంచెం పొయ్యనా వదినా?" అంది తుంగాబాయి. ఆమె గొంతులో ఎకసెక్కం ఇసుమంత లేదు. ఉన్నా బాగుండేది.

బస్టాండు దాకా వైజయంతి వచ్చింది. బస్సు కదలబోతుండగా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ పొద్దు బిందెలో ఉంగరం నా చేతికి చిక్కింటే, గిల్లి మరీ వదిలించినావు. ఈ పొద్దు నువ్వు వదల్లేకపోయినావా అమ్మా?"

దారి పొడుగునా సుభద్రమ్మ, ఆ పెట్టె మీటలు వేరే రకమనీ, తన తప్పు కాదనీ తనకు తాను చెప్పుకుంది. ఆదోని వచ్చేసరికి అది కూడా చెప్పుకోలేకపోయింది.

ఇంట్లో వాదిరాజ గాలం వేసుకుని కూర్చున్నాడు. భార్య వెంట ఎవరూ లేకపోవడం చూసి, కొంచెం పక్కకు జరిగాడు. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి, అతని పక్కనే చతికిలబడింది. కళ్లు తుడుచుకోవడం అతను చూడనట్టే ఉన్నాడు.

"అది ఇట్లియ్యండి" అంది.

అతను కంట్రోలర్ ఇచ్చాడు. చాలాసేపటికి ఒక పెద్ద చేప పడింది. దాని బరువు తెర మీద కనిపించింది. వాదిరాజ ఇంతవరకూ పట్టినవాటన్నిటికంటే ఎక్కువ.

"ఇప్పుడు ఆ మీట నొక్కు, వదిలేస్తుంది" అన్నాడు.

సుభద్రమ్మ బొటనవేలు మీట మీద పెట్టింది. చేప గాలానికి వేలాడుతూ తోక కొట్టుకుంటోంది.

"నొక్కవే."

"ఉండండి" అంది సుభద్రమ్మ. "నొక్కుతా."