లిమాలో ఉండి లైప్‌జిగ్‌లో ఉన్నానన్నాను

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయాననుకునేరు. లేదు. దాని మీదే ఎక్కి కూర్చుని బాగానే బతికాను. జీతం పెరిగింది, జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది. పేరు చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ లేదు. మీరెవరో తెలియదు గనుకనే మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను జర్మనీలోని లైప్‌జిగ్‌లో, ఉద్యోగం ఉన్నన్నాళ్లే చెల్లే బ్లూ కార్డు వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేదాన్ని. మనవాళ్లు మాస్టర్స్ చదవడానికి విమానాల నిండా దిగుతున్న రోజులు. వాళ్లంటే నాకు చిన్నచూపు. గదికి నలుగురు, ట్రాములో బిగ్గరగా ఫోన్లు, ఎవరు కనబడినా రూము ఉందా, పార్ట్‌టైమ్ ఉందా అనే ప్రశ్న. నేనూ అలా వచ్చినదాన్నే. ఆ సంగతి గుర్తుచేసే మొహాలు కాబట్టే అంత చిరాకేమో.

స్రవంతి వాళ్లలో ఒకతె. కరీంనగర్ పిల్ల. చదువుకుంటూ మా కంపెనీలోనే టెస్టింగ్ పని చేసేది, థీసిస్ కూడా అక్కడే రాస్తోంది. నా సిఫార్సుతోనే చేరింది. ఆ సంగతి పదిమందిలో చెప్పుకుని మురిసేదాన్ని.

ఆ చలికాలం నాకు ఊరి మీద విసుగు పుట్టింది. కాకినాడలో పుట్టినదాన్ని, సముద్రం లేక ఎండిపోతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. కొన్ని నెలలు పెరూలోని లిమాకు పోదామనుకున్నాను. పసిఫిక్ ఒడ్డున ఉన్న పెద్ద ఊరు, అక్కడ అప్పుడు ఎండాకాలం. ఇంటినుంచి పని చేయొచ్చు గానీ ఆ ఇల్లు జర్మనీలోనే ఉండాలని కంపెనీ నియమం. నియమాలు తెలివితక్కువవాళ్ల కోసమనుకున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను లైప్‌జిగ్ ఇంట్లోనే ఆన్‌లో ఉంచి, లిమా నుంచి నా సొంత కంప్యూటర్‌తో అందులోకి వెళ్లి పని చేసుకోవాలి. అది ఆగిపోకుండా చూడడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. స్రవంతికి ఉండడానికి చోటు దొరకడం లేదు. అద్దె లేకుండా నా ఇంట్లో ఉండమన్నాను. తన చిరునామా నా ఇంటి మీద నమోదు చేసుకుంటానని, అన్మెల్డుంగ్ అనే ఆ సర్కారీ నమోదుకు ఒప్పుకోమని అడిగింది. వద్దన్నాను. నాకు చిక్కులొస్తాయన్నాను.

లిమాలో నేను చేసిందేమిటి? జర్మనీ టైముకు పని మొదలుపెట్టి, మధ్యాహ్నంలోపు ముగించి, సముద్రం మీదికి ఒరిగిన గట్టు అంచున కాఫీ షాపులో కూర్చునేదాన్ని. చుట్టూ నాలాంటివాళ్లే, తలా ఒక ల్యాప్‌టాప్. కాఫీ తెచ్చిన మనిషి మొహమైనా చూడకుండా స్వేచ్ఛ గురించి మాట్లాడుకునేవాళ్లు. వాళ్లను చూసి లోలోపల నవ్వుకునేదాన్ని, అక్కడికి నేనేదో వేరే జాతి అయినట్టు.

రెండో నెలలో మేనేజరు ఫోన్ చేశాడు. నా ల్యాప్‌టాప్‌లోకి దేశం బయటినుంచి ఎవరో వస్తున్నట్టు కంపెనీలో పట్టుకున్నారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు బ్లూ కార్డూ పోతుంది. నోరు జారిందని చెప్పుకోవచ్చు. జారలేదు, తెలిసే మాట్లాడాను. నేను ఇంట్లోనే ఉన్నానన్నాను. నాతో స్రవంతి ఉంటోందని, ఆమే ఎవరికో దారి ఇచ్చి ఉంటుందని చెప్పాను. ఆయన ఇట్టే నమ్మాడు. విద్యార్థిని కదా, అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. అంత సులువుగా నమ్మినందుకు ఆయన మీదా నాకు ఏహ్యభావమే.

వెంటనే స్రవంతికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"అక్కా, నేను దాన్ని ముట్టను గూడ ముట్టలే. నువ్వు ఆన్ చేసి పెట్టుమన్నవ్, పెట్టిన. గంతే."

"నాకు తెలుసే. కానీ నిజం బయటపడితే నన్ను దేశం నుంచి పంపేస్తారు. నీది స్టూడెంట్ వీసా, నీకేం కాదు. తెలీక ఏదో ఇన్‌స్టాల్ చేశానని చెప్పు. తర్వాత నేను చూసుకుంటాను."



"నిజంగ చూస్కుంటవా అక్కా?"

"చూసుకుంటానన్నాను కదా."

ఆమె అలాగే చెప్పింది. ఉద్యోగం పోయింది, థీసిస్ ఆగిపోయింది. నేను విమానం దిగి ఇంటికి చేరేసరికి దుప్పట్లు, రైస్ కుక్కరు సంచిలో సర్దుకుని కూర్చుని ఉంది. తాళంచెవి నా చేతిలో పెట్టి, పోయొస్తనక్కా అని వెళ్లిపోయింది. ఆపలేదు. ఎక్కడికని కూడా అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆ సంచి గుమ్మం దాటగానే హాయిగా అనిపించింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ ఉగాదికి మనవాళ్లు కూడినచోట, పాపమని ఇంట్లో పెట్టుకుంటే ఎంత పని చేసిందో అని నేనే కథ ఎత్తుకున్నాను. అందరూ నోళ్లు నొక్కుకున్నారు. రెండోసారి చెప్పేటప్పుడు కాస్త మసాలా కూడా కలిపాను. ఆ తర్వాత ఊళ్లో ఏ తెలుగు ఇల్లూ ఆమెకు తలుపు తీయలేదు. డిగ్రీ లేకుండానే తిరిగి వెళ్లిపోయిందని ఎవరో చెబితే, తలూపి పులిహోర వడ్డించుకున్నాను. ఎందుకు అంత తేలికైంది? ఆమె మాటతీరు, ఆమె ఊరు, ఆమె అవసరం, ఇవన్నీ నాకన్నా తక్కువని ముందే తీర్మానించుకున్నందుకేనా? అంతకన్నా గొప్ప కారణం ఎంత వెతికినా దొరకడం లేదు.

పోయిన నెల ఒక కొత్త విద్యార్థిని వచ్చి, ఒక్క నెల మీ ఇంట్లో ఉండనిస్తారా అక్కా అని అడిగింది. ఒకసారి నమ్మి దెబ్బతిన్నానమ్మా అన్నాను. తడబడకుండా అన్నాను. అయ్యో అక్కా, అని ఆ పిల్ల నా మీద జాలిపడింది. ఆ జాలిని తీసుకుని లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

స్రవంతి ఏ తప్పూ చేయలేదు. ఈ ముక్క ఇంతవరకు నేను ఏ భాషలోనూ అనలేదు. రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.