మల్లమ్మకు నేను చదివి వినిపించినది

మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పాపకు అన్నం కలుపుతున్నప్పుడు కూడా అదే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు కడుపుతో ఉన్నాను. డిగ్రీ చదివినందుకు ఒక సర్వేలో తాత్కాలిక పని దొరికింది. చిన్న రైతుల వరి దిగుబడి ఎందుకు తగ్గుతోందో తెలుసుకోవాలి. పొలంలో తాడుతో ఒక చదరం కొలిచి, అంతవరకు పంట కోయించి, వడ్లు తూచి, తక్కువైతే కారణం ఫారంలో రాయాలి. విత్తనమా, ఎరువా, నీళ్లా, రైతు అశ్రద్ధా?

పుప్పాలగూడలో మల్లమ్మకు అరెకరం ఉండేది. ఆ ఏడు సగం గింజలు తాలే.

"గీ గుప్పెడు వడ్లకు గింత పెద్ద తరాజా, బిడ్డా?" అని నవ్వింది. మరుక్షణం నవ్వు పోయింది. "కాలువల మట్టి వోసిండ్రు. నీళ్లు రాలె. గదే రాయి జర. గా కాయితం జూస్తెనే కాలువ తీపిస్తరంట."

ఆ మట్టి ఎవరు పోయించారో నాకు తెలుసు. కొత్త ఆఫీసు భవనాలకు పునాదులు తవ్వే కాంట్రాక్టరు దగ్గర మా ఆయన సూపర్‌వైజరు. లారీలు ఎక్కడికి పోవాలో చెప్పేది ఆయనే.

'నాట్లు ఆలస్యం, రైతు అశ్రద్ధ' అని రాశాను.

"ఏం రాసినవో సదువు."

"కాలువ పూడిపోయి నీళ్లు అందలేదని రాశానమ్మా." అక్షరాల కింద వేలు జరుపుతూ మరీ చదివాను. ఆమె వేలిముద్ర వేసింది.

కాలువ ఎవరూ తీయలేదు. మల్లమ్మ ఫిర్యాదు చేస్తే అధికారులు ఆ ఫారమే చూపించి, అందులో ఏముందో చదివి చెప్పకుండానే పంపేశారట. మరుసటి ఏడు నాట్లే పడలేదు. పొలం అమ్మేసింది.

అప్పటి నుంచి అందరి మీదా అనుమానమే. ఏ పొలానికి వెళ్లావని మా ఆయన ఆ సాయంత్రం ఎందుకు అడగలేదు? ఆ వారమే కొత్త చీర ఎందుకు తెచ్చారు? అన్ని ఊళ్లుండగా నన్ను అక్కడికే పంపిందెవరు? మొన్న గచ్చిబౌలి బస్టాపులో మల్లమ్మ, "మంచిగున్నవా బిడ్డా? పిల్ల పెద్దగైందా?" అంది. అంత ఆప్యాయత ఎందుకు? ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చెప్పారా? లేక ఇంకా నన్నే నమ్ముతోందా? ఏది ఎక్కువ భయమో నాకే తెలియడం లేదు.

ఆయన ఉద్యోగం పోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. భయపడినదాన్ని ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు కదా? నింద ఆమె మీదికే ఎందుకు నెట్టాను? ఆమెకు చదువు రాదని తెలుసు కాబట్టి. అంతకు మించి కారణం లేదు.

క్షమించమని అడగడం లేదు. ఇది రాస్తే పొలం తిరిగి రాదు. నాకు మాత్రం ఊపిరి కాస్త తేలికైంది. అందుకూ సిగ్గుగానే ఉంది.