అతుకు కింది స్టూలు

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను వెల్డర్‌ని. బాయిలర్ నుంచి ఆవిరి తెచ్చే గొట్టంలో ఒక ముక్క పాడైతే, తుప్పు పట్టని ఉక్కు ముక్క తెప్పించారు. దాన్ని పాత మామూలు ఉక్కు గొట్టానికి అతికించింది నేనే. చూసినవాళ్లంతా శభాష్ అన్నారు. నాకు కళ్లు నెత్తికెక్కాయి.

సరిగ్గా ఆ అతుకు కిందే ఒక స్టూలు ఉండేది. బాయిలర్ పొయ్యిలో చెరుకు పిప్పి వేసే పెద్దాయనది. మేమంతా అన్న అనేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ హోరులో ఉండి ఆయన చెవులు పోయాయి. భోజనానికి పిలవాలంటే భుజం తట్టాల్సిందే. అలాంటి మనిషి ఒకరోజు స్టూలు పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. ఏమైందని సైగ చేశాను. బాయిలర్ చల్లార్చినప్పుడల్లా నా అతుకు టిక్కుమంటున్నదని చెప్పాడు.

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"మేం పిలిస్తే ఇనవు గని, ఇనుము పిలిస్తే ఇంటవా అన్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు పడి పడి నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి ఆయన స్టూలు జరపడం, నేను కాలితో మళ్లీ అతుకు కిందికి నెట్టడం. నా పనికి చెవిటివాడు వంక పెట్టడమేమిటని నా పౌరుషం. చివరికి ఆయనే తగ్గాడు. మాటిమాటికీ పైకి చూస్తూ అక్కడే కూర్చునేవాడు.

ఆ ముక్క వేశాక మూడోసారి బాయిలర్ కడగడానికి ఆపినప్పుడు, ఎందుకైనా మంచిది, అతుకు పరీక్షించమన్నాడు ఇంజినీరు. వేడి పోకుండా గొట్టానికి చుట్టిన ఆస్బెస్టాస్ తాడు విప్పి, కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సున్నం పూశాను. పగులుంటే అందులో ఇంకిన నూనె సున్నం మీదికి ఊరుతుంది. అతికించిన రోజు ఇదే పరీక్షలో మచ్చ కూడా రాలేదు.

మిట్టమధ్యాహ్నం. సున్నం ఆరింది. అతుకు మీద కాదు, దాని అంచున, మామూలు ఉక్కు వైపు, వెంట్రుకంత తడి గీత మొదలైంది. చూస్తుండగానే గొట్టం చుట్టూ పాకింది. నమ్మలేక తుడిచి మళ్లీ సున్నం పూశాను. అదే చోట, అదే వంపుతో మళ్లీ వచ్చింది.

రెండు రకాల ఉక్కు వేడికి ఒకేలా సాగదని ఇంజినీరు చెప్పాడు. కాగినప్పుడల్లా, చల్లారినప్పుడల్లా ఒకదాన్నొకటి లాగి ఆ అంచున చీలిందట. ఆవిరి నిండుగా ఉన్నప్పుడు తెగి ఉంటే కిందున్న మనిషి మిగిలేవాడు కాదన్నాడు.

అన్న నన్ను తిట్టలేదు. స్టూలు తెచ్చి అతుకు కింద వేశాడు.

"కూసో తమ్మీ."

కూర్చున్నాను. బాయిలర్ ఆరి రెండు రోజులైంది, గొట్టం చేతికి చల్లగా తగిలింది. లోపల ఆవిరి లేదని నాకు తెలుసు. అయినా మాటిమాటికీ పైకి చూశాను. ఇన్నాళ్లూ నేను ఈయన్ని కూర్చోబెట్టింది ఇక్కడేనా అనుకుంటుండగా, నా తల మీద టిక్కుమంది.

ఆయన నా మొహంలోకి చూశాడు.

"ఇన్నవా?"

తల ఊపాను.